టైపు చేయడం రాని తెలుగు ఎమ్మే

గుంటూరు బ్రాడీపేటలో ఒక డీటీపీ షాపు. ప్రాజెక్టు రిపోర్టుల సీజన్. ఒక తెలుగు ఎమ్మే విద్యార్థిని చేత్తో రాసిన తొంభై పేజీలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె తెలుగు మాస్టారిని కాబట్టి, ప్రూఫు చూద్దామని నేనూ వెళ్లాను. ఆపరేటర్ కుర్రాడు కీబోర్డు వైపు చూడకుండా టకటకా కొట్టుకుపోతూ ఒకచోట ఆగాడు. “అక్కా, ప్రబంధంలో ఒత్తు భ రాశావు. మామూలు బ కదా?” ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

భాషా శాఖల్లో డిజిటల్ బోధన అంటే ప్రొజెక్టర్, స్మార్ట్ బోర్డు, పీపీటీ. నల్లబల్ల మీద రాసే పద్యాన్నే తెర మీద చూపిస్తున్నాం. పిల్లలు దాన్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. ఇదే గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంగ్లీషుకి కమ్యూనికేషన్ ల్యాబ్ ఉంది, హెడ్‌ఫోన్లు, మార్కులతో సహా. తెలుగుకి ల్యాబేంటని నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లలో తెలుగు మాస్టార్లూ ఉన్నారు.

నా వాదన చిన్నదే. విద్యార్థి తన తెలుగు తానే యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా అక్షరాన్ని అక్షరంగానే గుర్తుపట్టే పద్ధతిలో, టైపు చేయనంత కాలం మనం కొన్న సామానంతా అలంకారమే. వాట్సాప్‌లో రోజంతా “ela unnav” అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే పిల్లలకి శకట రేఫ, అదే బండి ర (ఱ), ఏ కీలో ఉందో తెలియదు. వాళ్లను అనడం కాదు, నేర్పిందెవరు?

డీటీపీ షాపులో ఆ రిపోర్టు అయితే కంప్యూటర్‌లోకి ఎక్కింది. కానీ అందులో ఉన్నది తెలుగేనా? అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో తెర మీద కనిపించే బొమ్మ తెలుగు, దాని వెనకాల దాచుకున్నది ఇంగ్లీషు అక్షరమో ఏదో గుర్తో. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ మన ప్రెస్సులన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచాయి, దానికేమో యూనికోడ్ తెలుగు తెలియదు. పుస్తకాల ఊరు విజయవాడ కూడా అలాగే అలవాటు పడింది. ప్రెస్సుకి అది తప్పేం కాదు. కాగితం మీద అక్షరం అందంగా పడితే వాళ్ల పని అయిపోయినట్టే.

యూనివర్సిటీకి మాత్రం అయిపోదు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో కూడా ఇవ్వాలని యూజీసీ 2009లో నియమం పెట్టింది. అవి శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో అందరికీ దొరుకుతాయి. నేను తెరిచిన తెలుగు థీసిస్‌లలో ఎక్కువ స్కాన్ చేసిన బొమ్మలు, లేదంటే పాత ఫాంట్ల పీడీఎఫ్‌లు. లోపల ఒక్క మాట వెతుకుదామంటే దొరకదు. నాలుగైదేళ్ల చాకిరీ, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంది.

సరే, యూనికోడ్‌లోనే ఉందనుకుందాం. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. “ఎక్కడ” అని కొడితే “వాడెక్కడ” దొరకదు, ఎ కాస్తా గుణింతంలో కలిసిపోయింది కాబట్టి. “పుస్తకం” అని కొడితే “పుస్తకాలు” రాదు. సున్నా తీసేసి “పుస్తక” అని వెతకాలి. గుర్రానికి బండి ర వేసి ఒకసారి, వేయకుండా ఇంకోసారి. ఇంగ్లీషువాడికి ఈ తిప్పలు తక్కువ. మనకి మాత్రం ఒక పదం వెతకాలంటే దాని సంధులు, విభక్తులు ముందే ఊహించాలి. సంధి సూత్రాలు బట్టీ పట్టించి విసిగిపోయిన నాలాంటివాళ్లకి సంధి మళ్లీ చెప్పడానికి ఇంతకంటే మంచి సాకు ఏం కావాలి? నిఘంటువుల పనీ అంతే. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువుల్ని ఒకేసారి వెతకొచ్చు, కానీ మాట అక్షరం తప్పకుండా కొట్టడం వచ్చినవాడికే అది ఉపయోగం.

ఏఐ గురించి అందరూ టెన్షన్ పడుతున్నారు. వ్యాసం రాయమంటే రాసిస్తోంది, నిజమే. పోయిన సెమిస్టర్‌లో దానితోనే ఒక ఉత్పలమాల రాయించాను. పాదం చూడటానికి బాగానే ఉంది. “భ ర న భ భ ర వ గణాలు రావాలి, విడగొట్టండి” అని క్లాసుతో అన్నాను. రెండో గణం దగ్గరే బండి పట్టాలు తప్పింది. పదో అక్షరం దగ్గర యతి లేదు, ప్రాస అసలే లేదు. ఛందస్సు పేరు చెబితే ఆవులించే క్లాసు, తప్పులు పట్టడానికి ఎగబడింది. తర్వాత ఛందం అనే ఆన్‌లైన్ పనిముట్టులో వేసి సరిచూసుకున్నారు. క్లాసులో ఇద్దరు కుర్రాళ్లు సరైన పాదం మేమే రాస్తామని మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చున్నారు. యతి కుదర్లేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ పనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. యూనికోడ్‌లో తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఉచితంగానే ఉంది. ఎమ్మే మొదటి సెమిస్టర్‌లో రెండు క్రెడిట్ల టైపింగ్ పేపర్, ప్రాజెక్టు రిపోర్టు యూనికోడ్‌లో ఇస్తేనే తీసుకుంటామనే రూలు పెడితే చాలు. రూలు పెట్టేవాళ్లలో చాలామందికి టైపింగ్ రాదు, ఆలస్యానికి అసలు కారణం అదేనేమో.

రూలు వచ్చేదాకా ఆగలేక, ఈ ఏడు నా క్లాసులో వారానికో పేజీ టైపు చేయాలని మొదలుపెట్టాను. మొదటి వారం ఎనిమిది లైన్లకి గంట పట్టింది. మూడో వారం వెనక బెంచీలోంచి ఒకడు, “సార్, గుఱ్ఱంలో ఱ ఎక్కడుంది?” అన్నాడు. నేను చెప్పేలోపే పక్కనున్న అమ్మాయి, “షిఫ్ట్ పట్టుకుని ర కొట్టరా” అంది.