అరసున్నల ఫిర్యాదు

(మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు. భోజనాల బల్లకు ఒక చివర కోడలు సుధ లాప్‌టాప్ ముందు కూర్చుంది. రెండో చివర అత్తగారు కామేశ్వరి చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. సుధ ఒక పంచాంగం వెబ్‌సైటు డిజైను బృందంలో ఉద్యోగి. ఆ సైటుకు కొత్త రూపు వచ్చి రెండు వారాలైంది. కామేశ్వరిగారు రాజమండ్రిలో తెలుగు పండితురాలిగా పదవీ విరమణ చేశారు. విరమించింది పదవినే గాని, దిద్దడాన్ని కాదు.)

సుధ: అత్తయ్యగారూ, మా సైటుకు వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి నాలుగు పేజీలుంది. కింద "ఒక నిత్య పాఠకురాలు" అని మాత్రమే సంతకం ఉంది. అది మీరు రాసింది కాదు కదా?

కామేశ్వరి: నిత్య పాఠకురాళ్ళు ఊరినిండా ఉంటారు. నేనే రాశానని దేన్నిబట్టి అనుకున్నావు?

సుధ: "నేఁడు", "వాఁడు" అని అరసున్నలు పెట్టి ఫిర్యాదు రాసేవారు ఈ జంటనగరాల్లో మీరు కాక మరొకరున్నారంటే నేను నమ్మలేను. పైగా "కొత్త రూపు మీకు ఎలా ఉంది?" అని అడిగి మేము ఐదు నక్షత్రాలు ఇస్తే, ఒక్కటీ నొక్కకుండా, "నక్షత్రములు ఇరువదియేడుండఁగా ఐదింటినే యిచ్చుటకుఁ గారణమేమి?" అని ఎదురు ప్రశ్న వేశారు.

కామేశ్వరి: పంచాంగం సైటులో ఆ మాత్రం అడిగేవారు ఒకరుండాలి. సరే, రాసింది నేనే. కోడలు ఎదురుగానే ఉండగా సంస్థకు ఎందుకు రాశానంటావేమో, నోటితో చెబితే నువ్వు "చూద్దాంలెండి" అంటావు. రాస్తే దాఖలా ఉంటుంది. అన్నట్టు, జవాబు కూడా వచ్చింది. "మీ అభిప్రాయం మాకు అమూల్యమైనది, దానిని నమోదు చేసుకున్నాము" అని, నేను పంపిన నిమిషం లోపే వచ్చింది. నాలుగు పేజీలను నిమిషం లోపల చదివిన ఆ మహానుభావుడెవరో చెబితే వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తాను.

సుధ: ఆ జవాబు దానంతటదే వెళ్తుందండీ, దాని వెనక మనిషి ఉండడు. చదవవలసిన మనిషిని నేను. చదివి, "అలవాటు కోపం" అనే గడిలో వేశాను.

కామేశ్వరి: ఏ గడిలో?

సుధ: మా ఎక్సెల్ షీటులో రెండు గళ్ళున్నాయి. "పని ఆగినవారు" ఒకటి, "అలవాటు కోపం" ఒకటి. ఏ సైటు రూపు మార్చినా తొలి రోజుల్లో పడే తిట్లలో చాలా భాగం ఈ రెండో రకానివే. రోజూ వేలు తనంతట తానే వెళ్ళే చోట బటను కనబడకపోతే మనిషికి ముందు కోపం వస్తుంది, కారణాన్ని తరవాత వెతుక్కుంటాడు. ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో న్యూస్ ఫీడ్, అంటే స్నేహితుల సంగతులన్నీ ఒకే చోట వరసగా చూపే ఏర్పాటు, పెట్టినప్పుడు లక్షలాది మంది దానికి వ్యతిరేకంగా ఫేస్‌బుక్‌లోనే గ్రూపు కట్టారు; ఎవరెవరు ఆ గ్రూపులో చేరుతున్నారో ఆ న్యూస్ ఫీడే అందరికీ చాటింపు వేసింది కనకనే అది అంత త్వరగా పెరిగింది. ఇవాళ ఆ ఫీడు లేని ఫేస్‌బుక్‌ను ఎవరైనా ఊహించగలరా?

కామేశ్వరి: కథను సగంలో ఆపేశావు. మిగతా సగం మొన్న మీటింగులో మీ మేనేజరు చెప్పాడు. నువ్వు గది తలుపైతే వేసుకుంటావు గాని, వంటింటి వైపు కిటికీ తెరిచే ఉంటుంది. నాలుగు రోజులు తిరగకుండానే ఆ ఫేస్‌బుక్ యజమాని పొరపాటు ఒప్పుకుని క్షమాపణ రాసి, ఎవరి సంగతులు ఎవరికి కనబడాలో ఎవరికి వారు ఎంచుకునే ఏర్పాటు చేశాడట. అంటే కోపం దానంతటదే చల్లారలేదు, చల్లార్చారు. డిగ్ అనే సైటు సంగతి కూడా అతనే చెప్పాడు. 2010 ఆగస్టులో రూపూ పద్ధతీ కలిపి మార్చేసి, నచ్చని వార్తను కిందికి తొక్కే బటనును కూడా పీకేస్తే, జనం ఆ సైటు మొదటి పేజీని పోటీదారైన రెడిట్ లింకులతో నింపి, తరవాత మూటాముల్లె సర్దుకుని ఆ రెడిట్‌కే వెళ్ళిపోయారట. 2012 జులైలో డిగ్ అమ్ముడుపోయిందట. ఆ జనాన్ని కూడా నీలాంటి కోడలెవరో "అలవాటు కోపం" గడిలోనే వేసి ఉంటుంది.

సుధ: మీరింత శ్రద్ధగా వింటున్నారని తెలిస్తే మా మేనేజరు పొంగిపోతారు, బృందంలో ఆయన మాట అంత శ్రద్ధగా వినేవాళ్ళు ఎవరూ లేరు. అయినా మీ ఫిర్యాదులో ఏముందో మీరే ఒకసారి చూడండి. మొదటి పేజీ అంతా పాత సైటు లేత పసుపు రంగు కోసం విలాపం. రెండో పేజీలో, పై మూలనున్న మెనూ బటను మూడు అడ్డగీతలను విభూతి రేఖలనుకుని కళ్ళకద్దుకున్నానని రాశారు.

కామేశ్వరి: పంచాంగంలో మూడు అడ్డగీతలు కనబడితే మరేమనుకోవాలి? వాటి వెనక రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం దాచిపెట్టారని నేను కలగన్నానా? మనుషులు ఆ సైటుకు వచ్చేది వాటి కోసం. వచ్చినవాళ్ళకు ముందు రాశిఫలాల బొమ్మలు, వాటి కింద నవరత్నాల ఉంగరం ప్రకటన! ఆ ఉంగరం ప్రకటనకు మాత్రం ఏ గీతల వెనకా దాక్కోవలసిన అవసరం రాలేదు.

సుధ: ఫోను తెర మీద అన్నీ ఒకేసారి పట్టవు కనక కొన్నింటిని గీతల వెనక పెట్టాము. ప్రకటనలు మా బృందం చేతిలో లేవు, వాటికి నన్ను అనకండి.

(ఉంగరం విషయంలో సుధది కూడా అత్తగారి అభిప్రాయమే, కాని జీతం ఆ ఉంగరంలోంచే వస్తుంది.)

సుధ: ఇక మూడో పేజీలో పాత రూపు మీద సీసపద్యం ఉంది. సీసపద్యాన్ని నేను "పని ఆగినవారు" గడిలో ఎలా వేయగలను?

కామేశ్వరి: ఎత్తుగీతితో సహా రాశాను, గమనించావా? నాలుగో పేజీ చదివావా?

సుధ: నాలుగో పేజీని... పైపైన చూశాను.

కామేశ్వరి: అసలు విషయం అక్కడుంది. మొన్న మంగళవారం మా తమ్ముడి కూతురిని చూడడానికి పెళ్ళివారు మనింటికి వచ్చారా? రాహుకాలం వెళ్ళేదాకా లోపలికి రావద్దని వాళ్ళను మెట్ల మీద నిలబెట్టాను. తీరా గోడ మీది కాగితం పంచాంగం చూస్తే, అది వెళ్ళిపోయి అప్పటికే 20 నిమిషాలు దాటింది. పగలును ఎనిమిది భాగాలు చేస్తే మంగళవారం ఏడో భాగం రాహుకాలం. పగలు మొదలయ్యేది సూర్యోదయంతో కనక ఊరు మారితే ఘడియ మారుతుంది. పాత సైటులో అన్నిటికన్నా పైన ఊరి పేరు ఉండేది, తప్పయితే మార్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఊరిని సైటే ఊహిస్తుందట, ఏ ఊరనుకుందో మాత్రం చెప్పదట. నేను వెతికి వెతికి పట్టుకున్నాను. అది నన్ను ముంబయిలో కూర్చోబెట్టింది.

సుధ: ముంబయిలోనా? మన ఇంటి ఇంటర్నెట్ చిరునామా ముంబయి పేరు మీద నమోదై ఉంటుంది. సైటు దాన్ని చూసి ఊరిని అంచనా వేస్తుంది.

కామేశ్వరి: ముంబయి మనకు పడమరగా దాదాపు అయిదున్నర డిగ్రీలుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నువ్వే లెక్క వేసుకో. పెళ్ళికొడుకు తల్లికి మోకాళ్ళ నొప్పులు. వాళ్ళ దగ్గరి నుంచి ఇంతవరకు కబురు లేదు.

సుధ: ఇంత పెద్ద లోపాన్ని సీసపద్యం తరవాత రాస్తే ఎలాగండీ? మొదటి వాక్యంలోనే "ఊరు తప్పు చూపిస్తోంది" అని రాయవచ్చు కదా?

కామేశ్వరి: ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి దిగడం మా కాలంలో మర్యాద కాదు. చివరిదాకా చదవకుండా గడిలో వేయడం మీ కాలంలో మర్యాదేమో నాకు తెలియదు.

సుధ: సరే, ఒప్పుకున్నాను. ఇదిగో, మీ ఎదుటే "పని ఆగినవారు" గడిలోకి మార్చాను. ఊరి పేరును మళ్ళీ పైకి తెస్తాము, రాహుకాలాన్ని గీతల వెనక నుంచి బయటికి తీయిస్తాను. రంగు మాత్రం తెలుపే ఉంటుంది.

కామేశ్వరి: పాత రూపు కావలసినవాళ్ళకు పాతది ఉంచితే మీ సొమ్మేం పోతుంది? ఇంగ్లిషు వికీపీడియా 2023 జనవరిలో రూపు మార్చి, వాక్యాలను మధ్యకు కుదించి పక్కనంతా తెల్లగా వదిలేసిందని గోల పుట్టినా, ఖాతా ఉన్నవాళ్ళు అభిరుచుల్లోకి వెళ్ళి పాత రూపును ఎంచుకునే వీలు ఉంచింది. తెలుగు వికీపీడియాలో అచ్చుతప్పులు దిద్దేదాన్ని, ఈ సంగతి నాకు మీ మేనేజరు చెప్పనక్కరలేదు.

సుధ: రెండు రూపులు ఉంచితే రెండింటికీ మరమ్మతులు చేయాలి, మేమున్నది నలుగురం. రంగు సంగతికైతే ఈబే అనే వేలాల సైటు పద్ధతి ఒకటి ఉంది. మా డిజైనర్లు తరచు చెప్పుకునే కథ అది. ఒక పేజీ వెనక ఉన్న పసుపు రంగును ఈబే ఒక్కసారిగా తీసేస్తే వాడేవాళ్ళు గగ్గోలు పెట్టారట. దాంతో పసుపును తిరిగి తెచ్చి, కొన్ని నెలల పాటు దాన్ని ఎవరికీ తెలియనంత కొద్దికొద్దిగా పలచన చేస్తూ చివరికి తెలుపు చేసేశారట. ఒక్క ఫిర్యాదూ రాలేదట.

కామేశ్వరి: అడక్కుండా, చెప్పకుండా మార్చడం మోసం కాదా?

సుధ: మోసమెలా అవుతుందండీ? మార్పు వాళ్ళ మేలుకే కదా. బాధ లేకుండా అలవాటు చేయడం అంతే.

కామేశ్వరి: అయితే ఆ పద్ధతిలో తప్పేమీ లేదంటావు.

సుధ: నిస్సందేహంగా లేదు. నా మాటగా రాసిపెట్టుకోండి.

కామేశ్వరి: సంతోషం. ఉగాది నుంచి నీ కాఫీలో చక్కెర కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తున్నాను. పోయిన వారం నుంచి అసలు వేయడమే లేదు.

సుధ: (కప్పులోకి చూసి, ఒక గుక్క తాగి) చక్కెరే లేదు! ఇది అన్యాయం, అత్తయ్యగారూ! నా కాఫీని నాతో మాట మాత్రమైనా చెప్పకుండా మార్చే అధికారం మీకెవరిచ్చారు? రేపటి నుంచి నాకు రెండు చెంచాల చక్కెరతో పాత కాఫీయే కావాలి.

కామేశ్వరి: మీ అభిప్రాయం మాకు అమూల్యమైనది, సుధగారూ. దానిని నమోదు చేసుకున్నాము. ఏ గడిలో అన్నది మాత్రం అడగకండి.