సెలవులున్నా తీరని అలసట

టీచర్లకు సెలవులెక్కువ, ఇక వాళ్లకు ఒత్తిడేమిటన్న మాట తరచూ వినిపిస్తుంది. జర్మనీ ఉపాధ్యాయులపై పరిశోధకులు జానా క్యూనెల్, సబీన్ సొనెన్‌టాగ్ 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ లెక్కను తలకిందులు చేసింది. సెలవుల తర్వాత టీచర్లలో ఉత్సాహం పెరిగి అలసట తగ్గిన మాట నిజమే కాని, నెల తిరిగేసరికి ఆ ప్రయోజనం హరించుకుపోయింది. పనిభారం ఎక్కువున్నవారిలో అది మరింత త్వరగా పోయింది. బడి వేళలు ముగిశాక విశ్రాంతి దొరికినవారిలో మరికొంత కాలం నిలిచింది. వేసవి సెలవులు ఎన్ని ఉన్నా, అలసట తీరాల్సింది ఏ రోజుకారోజు సాయంత్రమేనని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ అలసట తీరడానికి తోడ్పడే మానసిక అనుభవాలను సొనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో నాలుగుగా గుర్తించారు. పని నుంచి మనసు విడివడటం, సేదతీరడం, కొత్త నైపుణ్యమేదైనా నేర్చుకోవడం, తన సమయం తన చేతిలో ఉండటం. వీటిలో మొదటిదే ఉపాధ్యాయులకు అన్నిటికన్నా కష్టమైనది, ఎందుకంటే వెనకబడిన పిల్లవాడో, దిద్దాల్సిన పేపర్లో, తరగతిలో ఎదురైన అవమానమో గంట కొట్టగానే బడిలో ఆగిపోవు. అయితే ఇంటికొచ్చాక బడి గురించి ఆలోచించడమంతా చెడ్డదేమీ కాదు. రేపటి పాఠాన్ని ఇంకోలా ఎలా చెప్పవచ్చునని ఆలోచించే మనసుకూ, తనిఖీలో పడ్డ మాటను పదేపదే నెమరేసుకునే మనసుకూ చాలా తేడా ఉంది. నిద్రను చెడగొట్టేది ప్రధానంగా రెండోదే.

ఇక్కడొక చిక్కు ఉంది. ఒత్తిడి ఎక్కువైనప్పుడే విశ్రాంతి అవసరం పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే మనసు పనిని వదలలేదు. మార్క్ క్రాప్లీ, లిన్ మిల్‌వార్డ్ పర్విస్ 2003లో బ్రిటన్ టీచర్ల సాయంత్రాలను పరిశీలించినప్పుడు, పని ఎక్కువగా, ఆ పనిపై నిర్ణయాధికారం తక్కువగా ఉన్నవారికి మనసు తేలికపడటానికి ఎక్కువ సమయం పట్టినట్టు తేలింది. ధ్యానం చేయమని సలహా ఇచ్చేవారు ఈ నిర్ణయాధికారం సంగతిని దాటేస్తుంటారు. యోగా వల్ల మేలు లేదని నా అభిప్రాయం కాదు, కాని సెలవు రోజున హాజరు వేసి మరీ పెట్టే ఒత్తిడి నివారణ శిక్షణ టీచరుకు మరో డ్యూటీయే.

మన దగ్గర ఆ నిర్ణయాధికారం ఎంత ఉందో చూడాలి. ముఖ గుర్తింపు హాజరు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2025లో వచ్చింది. ఆ మధ్య ఆంధ్రలో మరుగుదొడ్ల ఫొటోలను యాప్‌లో పెట్టే పని కూడా టీచర్ల మీదే పడింది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులకు తప్ప మరే బోధనేతర పనికీ ఉపాధ్యాయులను నియమించరాదని 2009 విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతున్నా, ఫోను ద్వారా వచ్చే పనులు ఆ గీతను సులువుగా దాటేస్తున్నాయి. పైగా పదేళ్లు, ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పినవారిలో పదవీ విరమణకు ఐదేళ్లకు మించి గడువున్నవారు రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) నెగ్గాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఉద్యోగమే నిలుస్తుందో లేదోనన్న భయాన్ని ఇంటిదాకా తెచ్చింది.

రాత్రిపూట వాట్సాప్ గ్రూపులో ‘తక్షణమే వివరాలు పంపండి’ అన్న సందేశం రాకపోయినా, వస్తుందేమోనన్న ఎదురుచూపే మనసును పనికి కట్టేస్తుంది. అందుకే బడి వేళల తర్వాత వివరాలు అడగరాదన్న నియమం టీచర్లకు ఏ శిక్షణకన్నా ఎక్కువ మేలు చేస్తుంది. కాని మండల విద్యాధికారిని (ఎంఈవో) అదే రాత్రి జిల్లా కార్యాలయం నిలదీస్తుంటే ఆ నియమం కాగితం దాటదు కనుక, దాన్ని రాష్ట్ర స్థాయి కార్యాలయం ముందు తనకు తాను వర్తింపజేసుకోవాలి.