సంతకం ఉంది, సీల్ లేదు

విమాన ప్రమాదం మీద వచ్చిన నివేదికలో 'మెయింటెనెన్స్ సిబ్బంది నిర్దేశిత విధానం పాటించలేదు' అన్న వాక్యం కనబడితే చాలు, తప్పెవరిదో తేలిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మెకానిక్‌ మీద వేటు పడుతుంది, హ్యాంగర్ గోడ మీదికి ఇంకో సర్క్యులర్ ఎక్కుతుంది. నన్నడిగితే అసలు ప్రశ్నలు మొదలవ్వాల్సింది అక్కడే.

1983 మే 5న మయామీ నుంచి బహమాస్‌లోని నసావు బయల్దేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ట్రైస్టార్ విమానంలో 172 మంది ఉన్నారు. అంతకు ముందు రాత్రిపని సిబ్బంది దాని మూడు ఇంజిన్లలోనూ చిప్ డిటెక్టర్లు మార్చారు. ఆయిల్‌లో లోహపు రజను ఉంటే పట్టేసే చిన్న పరికరం అది. ఆయిల్ కారకుండా దానికి ఓ-రింగ్ అనే సీల్ తప్పనిసరి. మామూలుగా సీల్ తొడిగిన డిటెక్టర్లే ఫోర్‌మన్ గది బీరువాలో దొరికేవి. ఆ రాత్రి అక్కడ లేక స్టోర్స్ నుంచి తెచ్చుకున్నారు. వాటికి సీల్స్ లేవు, ఎవరూ చూడలేదు. చేసిన పని నమోదు చేసే వర్క్ కార్డులో మాత్రం కొత్త సీల్ వేసినట్టు సంతకం పడింది. గాల్లో ఆయిల్ కారిపోయింది, మూడు ఇంజిన్లూ ఆగాయి. పైలట్లు ముందే ఆపేసిన ఇంజిన్ మళ్లీ అందుకోబట్టి విమానం మయామీకి తిరిగి రాగలిగింది.

అది దొంగ సంతకమని కొట్టిపారేయడం తేలిక. కానీ చేతికొచ్చే డిటెక్టర్‌కు రోజూ సీల్ ఉంటుంటే, ఆ గడిలో సంతకం ఎప్పుడో అలవాటైపోయి ఉంటుంది. కాగితం మీది పద్ధతి ఒకటి, హ్యాంగర్‌లో నడిచేది ఇంకొకటి అని పైవాళ్లకు తెలియదా? చాలాచోట్ల తెలుసు. విమానం టైముకి బయటపడుతున్నంత కాలం ఎవరూ అడగరు.

పద్ధతి తప్పేది బద్ధకస్తులే అనుకుంటే 1990 జూన్ నాటి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఘటన చూడాలి. మనుషులు చాలక, షిఫ్ట్ మేనేజరే స్వయంగా తెల్లవారుజామున కాక్‌పిట్ అద్దం మార్చడానికి పూనుకున్నాడు. ఊడదీసిన పాత బోల్టును చేత్తో పట్టుకుని దానికి జోడీ వెతికాడు. ఆ పాతదే అసలు సైజు కాదు, పొట్టిది. సరైన సైజు ఏదో స్టోర్స్ మనిషి చెప్పాడు కూడా. ఇన్నాళ్లూ ఇదే ఆగింది కదా అనుకున్నాడు మేనేజర్. ఆ పొట్టివి స్టోర్స్‌లో సరిపడా లేకపోవడంతో, వెలుతురు సరిగా లేని మరో బోల్టుల స్టాండ్ దగ్గరికెళ్లి ఏరుకొచ్చిన 84 బోల్టులు సన్నవి. తేడా మిల్లీమీటరు కూడా లేదు. 17,300 అడుగుల ఎత్తులో అద్దం ఎగిరిపోయి, కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది ఆయన్ను పట్టుకుని ఉండగా కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు.

ఇక్కడ పని చేసిందీ, సరిగ్గా ఉందని తేల్చిందీ ఒక్కరే. అద్దం బిగింపును రెండో మనిషి తనిఖీ చేయాల్సిన పనుల జాబితాలో చేర్చనేలేదు. అంటే ఆ లోపం నియమాల్లోనే ఉంది.

1991 సెప్టెంబర్ 11న టెక్సాస్‌లో కూలిన కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ విమానానిది షిఫ్ట్ మార్పు కథ. ఒక షిఫ్ట్ వాళ్లు తోక రెక్క ఎడమవైపు అంచు మీది 47 స్క్రూలు తీశారు. తర్వాతి షిఫ్ట్‌కు ఆ సంగతి కాగితం మీద చేరలేదు. ఎత్తుగా ఉండే తోకపై భాగం కిందినుంచి కనిపించదు. స్క్రూలు లేని ఆ అంచు గాల్లో ఊడిపోయి, విమానంలోని 14 మందీ చనిపోయారు. దర్యాప్తు బోర్డు సభ్యుల్లో ఒకరు మెజారిటీతో విభేదించి, పద్ధతి పాటించే సంస్కృతిని కల్పించని పై యాజమాన్యాన్ని కూడా ప్రమాద కారణంలో చేర్చాలన్నారు. నాకు ఆయన మాటే సబబనిపిస్తుంది.

మెకానిక్‌కు బాధ్యత లేదని కాదు. జేబులో లైసెన్స్ పెట్టుకున్నవాడు మాన్యువల్ తెరవాల్సిందే. అయితే తెరిచే తీరిక అతనికి ఇచ్చారా? తెల్లవారి నాలుగింటికి, గంటలో విమానం గేటుకు చేరాలని ఫోన్లు వస్తుంటే, సరైన బోల్టు లేదు కాబట్టి ఆపేస్తున్నానని చెప్పినవాడికి మర్నాడు ఏమవుతుంది? ఒకే రాత్రి అన్ని ఇంజిన్ల మీదా ఒకే మెకానిక్ ఒకే పని చేయకూడదన్న జాగ్రత్త, సముద్రాలు దాటే రెండింజిన్ల విమానాలకు ఇప్పుడు నియమంగా ఉంది. అది పాటించాలంటే ఇంకో మనిషికి జీతమివ్వాలి, లేదా విమానాన్ని ఇంకో రాత్రి నేల మీద ఉంచాలి. ఆ ఖర్చుకు ఒప్పుకోవాల్సింది రెంచ్ పట్టుకున్నవాడు కాదు.