తొమ్మిదికే పడుకోండి, మాత్రలు పారేయండి అంటున్నారా? ఆగండి

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నిద్ర పట్టనివాళ్లు రాత్రి తొమ్మిదికే మంచం ఎక్కి కళ్లు మూసుకోవాలట, పాలలో గసగసాలు, జాజికాయ పొడి ఎంత వేసుకుంటే అంత మంచిదట, ఉత్తరం వైపు తల పెడితే భూమి అయస్కాంత శక్తి రక్తంలోని ఇనుమును తలలోకి లాగేస్తుంది కాబట్టి అలా పడుకోకూడదట, నిద్రమాత్రలు ఈ రోజే పారేయాలట. అంతా సహజమే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవని హామీ కూడా.

ముందు తొమ్మిది గంటల సంగతి. పన్నెండుకు గానీ నిద్ర పట్టని మనిషి తొమ్మిదికే పడుకుంటే ఏమవుతుంది? మూడు గంటలు దొర్లడం, మధ్యమధ్యలో ఫోన్‌లో టైం చూడడం, రేపు ఆఫీసులో ఎలా అని టెన్షన్ పడడం. కొన్నాళ్లకు మంచం చూస్తేనే మెలకువ వచ్చేస్తుంది. టీవీ ముందు సోఫాలో జోగే మనిషికి మంచం ఎక్కగానే నిద్ర ఎగిరిపోయేది అందుకే. రిచర్డ్ బూట్‌జిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1972లోనే దీనికి పూర్తిగా ఉల్టా చెప్పాడు: నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడుకోవాలి, కాసేపటికీ పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లిపోవాలి, మళ్లీ కళ్లు మూతలు పడుతుంటేనే రావాలి, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైముకి లేవాలి, పగలు కునుకు తీయకూడదు. ఇవన్నీ ఇప్పుడు సీబీటీ-ఐ అనే, నిద్ర గురించిన ఆలోచనల్ని, అలవాట్లని మార్చే చికిత్సలో భాగం. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దవాళ్లకు మొదట ఈ చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లో సిఫార్సు చేసింది. మందుల్లేని దారి కావాలంటే ఇదే. కాకపోతే మొదట్లో పగలంతా ఒళ్లు తూలిపోతుంది, ఫార్వర్డ్ చేయడానికి అంత బాగుండదు.

గోరువెచ్చని పాలు హాయిగా అనిపిస్తే తాగండి, ఎవరూ కాదనరు. జాజికాయ మాత్రం చిటికెడుతో ఆపండి. అందులో మిరిస్టిసిన్ అనే పదార్థం ఉంటుంది, చెంచాల కొద్దీ మింగితే గుండెదడ, వాంతులు, లేనివి కనిపించడం దాకా వెళ్తుంది. ఇక గసగసాలు నల్లమందు మొక్క గింజలే. ఈ చిట్కా నమ్మి గల్ఫ్‌లో ఉన్న తమ్ముడికో అల్లుడికో పొట్లం కట్టి పంపకండి, యూఏఈ, సౌదీల్లో అవి నిషేధం, జైలు పాలవుతారు.

ఉత్తరం గోల ఒక్క ముక్కలో: రక్తంలో ఉన్నది హిమోగ్లోబిన్‌లో కలిసిపోయిన ఇనుము, అయస్కాంతానికి అతుక్కునే ఇనుప రజను కాదు. భూమి కన్నా వేల రెట్లు బలమైన అయస్కాంతం ఉన్న ఎమ్మారై మెషిన్‌లో పడుకున్నా రక్తం తలలోకి ఎగబాకదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది మాత్రల మాట. అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు రోజూ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర ఇంకా చెడుతుంది, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. తెలంగాణలో ఇది కళ్లారా చూశాం. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా తగ్గాక, అందులో కలిపిన ఇలాంటి మత్తుమందులకు అలవాటుపడ్డవాళ్లు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వరుస కట్టారు. వాళ్లు తాగింది చెట్టు కల్లే అనుకున్నారు మరి, సహజమే అనుకున్నారు. మాత్ర మానాలని ఉంటే రాసిన డాక్టరుకే చెప్పి, డోసు కొంచెం కొంచెంగా, వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. గురక గట్టిగా పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని ఇంట్లోవాళ్లు అంటుంటే అదీ అప్పుడే చెప్పండి, దానికి పరీక్ష వేరు, చికిత్స వేరు.