దీపం ఆరకపోతే ట్యాంకులో దిగొచ్చా?

బెంగళూరులో తెలుగువాళ్ళున్న అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, సైటు మేస్త్రీల ఫోన్లలో ఒక సలహా తిరుగుతోంది. దాని సారాంశం: "ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి) ట్యాంకైనా సంపైనా కడిగించే ముందు మూత తీసి అరగంట ఆగండి. కొవ్వొత్తి వెలిగించి తాడుతో దించండి, ఆరకపోతే గ్యాస్ లేనట్టే. ముక్కుకు తడిగుడ్డ, నడుముకు తాడు కట్టి మనిషిని దింపండి. వాసన ఘాటుగా వస్తే పైకి లాగేయండి. మంచినీళ్ళ సంపుకు ఇవేవీ అక్కర్లేదు. పని కాంట్రాక్టుకు ఇస్తే బాధ్యత వాళ్ళదే." పంపేవాళ్ళు మేలు కోరే పంపుతున్నారు. కానీ ఇందులో ప్రతి మాటా ప్రాణం మీదికి తెచ్చేదే.

ముందు కొవ్వొత్తి సంగతి. ఇది ఎక్కడిదో మన ఊళ్ళవాళ్ళకు తెలుసు. పాడుబడ్డ బావిలో పూడిక తీసే ముందు లాంతరు దించి చూసేవాళ్ళు, ఆరితే దిగేవాళ్ళు కాదు. అంతవరకూ సరైనదే. ఆరకపోతే దిగొచ్చన్నది మాత్రం తప్పు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే లోపలికి వెళ్ళకూడదు. కొవ్వొత్తి మాత్రం సుమారు 16 శాతం దాకా వెలుగుతూనే ఉంటుంది. ఈలోపే మనిషికి ఆయాసం వస్తుంది, ఆలోచన మందగిస్తుంది, నిచ్చెన మీద కాలు తడబడుతుంది.

మురుగు ట్యాంకులో అన్నిటికన్నా భయపడాల్సింది హైడ్రోజన్ సల్ఫైడ్‌కి. గ్యాసు కొలిచే మీటర్లలో అలారం సాధారణంగా 10 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాల్లో 10) దగ్గర పెడతారు. 100 పీపీఎం అంటే ప్రాణాపాయపు హద్దు. 500 దాటితే మనిషి నిమిషాల్లో కుప్పకూలతాడు. 1000 దగ్గర ఒకటి రెండు ఊపిరులు చాలు. 500 పీపీఎం అంటే గాలిలో 0.05 శాతం. అంత కొంచెం గ్యాసుకు మంట చలించదు. మనిషి పడిపోయిన తర్వాత కూడా ఆ దీపం అలాగే వెలుగుతుంటుంది. ఇక మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉందంటే, దించిన ఆ కొవ్వొత్తే ట్యాంకును పేల్చేస్తుంది.

కొవ్వొత్తి చేయలేని పని చేసేది నాలుగు గ్యాసుల మీటరు: ఆక్సిజన్, మండే గ్యాసు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్. దాన్ని బయటి గాలిలో ఆన్ చేసి సున్నా చేయాలి. మోతాదు తెలిసిన గ్యాసు కాస్త తగిలించి అలారం మోగుతోందో లేదో ఆరోజే చూడాలి. ట్యూబు దించి పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా చూడాలి. ఒక్కో చోట కనీసం రెండు నిమిషాలు ఆగాలి, పొడుగు ట్యూబైతే ఇంకాసేపు, ఎందుకంటే అడుగునున్న గాలి సెన్సారు దాకా రావాలి కదా. మొదట చదవాల్సింది ఆక్సిజన్. అది తక్కువగా ఉంటే మండే గ్యాసు సెన్సారు సరిగ్గా పనిచేయదు, తప్పుడు అంకె చూపిస్తుంది. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 మధ్య, మండే గ్యాసు పేలుడు కనిష్ఠ హద్దులో 10 శాతం లోపు, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం లోపు, కార్బన్ మోనాక్సైడ్ 35 పీపీఎం లోపు ఉండాలి. నాలుగిట్లో ఒక్కటి తేడా ఉన్నా దిగడం లేదు.

"మూత తీసి అరగంట" చాలదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా సుమారు 1.2 రెట్లు బరువు, అడుగునే పరుచుకుని ఉంటుంది. రెండడుగుల మూత తెరిస్తే తనంతట తాను పైకి రాదు, బ్లోయరుతో (గాలి తోలే ఫ్యానుతో) తోలాలి. లెక్క చూడండి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు అంటే 36 ఘనమీటర్లు. నిమిషానికి 12 ఘనమీటర్ల గాలి తోలే బ్లోయరుతో ఒకసారి గాలి మారడానికి 3 నిమిషాలు, దిగేముందు ఏడుసార్లు మారాలంటే 21 నిమిషాలు. డక్టు (బ్లోయరు గాలి గొట్టం) మెలికలు తిరిగితే గాలి తగ్గుతుంది, అందుకే ఇంకాసేపు తోలాలి. డక్టు చివర అడుగుకు అరమీటరు పైన వేలాడాలి. బ్లోయరు గాలి పీల్చే వైపు ట్యాంకు మూతకూ, జనరేటరు పొగకూ దూరంగా ఉండాలి. ఇక్కడే చాలాచోట్ల తప్పు జరుగుతుంది: జనరేటరు పక్కనే బ్లోయరు పెట్టి, దాని పొగనే లోపలికి తోలుతారు. ఆక్సిజన్ సిలిండరు విప్పి లోపలికి వదలడం మరో ఘోరం. 23.5 శాతం దాటితే చిన్న నిప్పురవ్వకే బట్టలు కూడా భగ్గున అంటుకుంటాయి.

ఇంత చేసి మీటరు బాగుందన్నా, ఆ అంకె ఆ నిమిషానిదే. మడ్డిలో గ్యాసు సోడాలోలాగా ఇరుక్కుని ఉంటుంది. పార పెట్టి కదిపిన మరుక్షణం పైకి లేస్తుంది. అందుకే మనిషి ఛాతీ మీద మీటరు ఉండాలి, బ్లోయరు ఆగకూడదు. ట్యాంకులోకి వచ్చే వాల్వులు మూసి తాళం వేయాలి, పంపుల బ్రేకరు ఆపి దానికీ తాళం వేయాలి. బేస్‌మెంట్ ఎస్‌టీపీ అయితే మరో విషయం: మురుగులోకి ఎప్పుడూ ఊదే ఏరేషన్ గాలి గంటలకొద్దీ ఆగిందంటే ఆ ట్యాంకు కుళ్ళడం మొదలవుతుంది, మూత తీయకముందే బేస్‌మెంటులో గ్యాసు చేరుతుంది.

"వాసన వస్తే లాగేయండి" అంటున్నారు. కుళ్ళిన గుడ్డు వాసన తక్కువ మోతాదులోనే తెలుస్తుంది. 100 పీపీఎం దాటేసరికి ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయిందనిపిస్తే గ్యాసు తగ్గిందని కాదు, పెరిగిందేమోనని అనుమానించాలి. తడిగుడ్డ గానీ దుమ్ము మాస్కు గానీ గ్యాసును ఆపవు. ఫిల్టరు మాస్కు కూడా లేని ఆక్సిజన్‌ను పుట్టించదు. గాలి బాగోలేని చోటికి వెళ్ళక తప్పకపోతే బయటి నుంచి గొట్టంతో గాలి అందాలి, లేదా వీపున గాలి సిలిండరు ఉండాలి.

నడుము తాడుతో స్పృహ తప్పిన మనిషిని లాగితే ఒళ్ళు మధ్యకు మడతపడి రెండడుగుల మూతలో ఇరుక్కుంటుంది. 70 కిలోల బరువును చేతులతో నిటారుగా ఎత్తడం ఇద్దరివల్లా కాదు. భుజాలూ తొడలూ పట్టుకునే ఫుల్ బాడీ హార్నెస్, వీపు పైభాగంలో కొక్కెం, మూత మీద ట్రైపాడ్ (మూడు కాళ్ళ స్టాండు), దానికి చేతితో తిప్పే వించ్ (తాడు చుట్టి ఎత్తే చక్రం) కావాలి. పైన ఒక మనిషి, ఫోను వచ్చినా కదలకుండా, లోపలివాడితో మాట్లాడుతూనే ఉండాలి.

మంచినీళ్ళ సంపు గురించి చెప్పింది అన్నిటికన్నా మోసం చేసే మాట, ఎందుకంటే అక్కడ వాసన ఉండదు, మడ్డి కనబడదు. కొత్త సంపుకు స్లాబు పోసి మూత పెట్టి రెండు వారాలు వదిలేస్తారు. లోపల తడి సెంట్రింగ్ చెక్కలూ బొంగులూ నానుతూ కుళ్ళుతూ ఆక్సిజన్‌ను తినేస్తాయి, కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది. సెంట్రింగ్ ఊడదీయడానికి దిగిన మొదటి కూలీ కిందికి వెళ్ళగానే పడిపోతాడు. అతన్ని చూసి రెండోవాడు దిగుతాడు. స్లాబు పోసేటప్పుడే ఎదురెదురు మూలల్లో రెండు మూతలు పెట్టించండి, చెక్క బదులు ఇనుప షీట్లు వాడించండి, మూతలపై జాలీ వేసి తెరిచే ఉంచండి. పాత సంపులో పెట్రోలు పంపు దించితే కార్బన్ మోనాక్సైడ్, రంగులూ వాటర్‌ప్రూఫింగూ వేస్తే థిన్నరు ఆవిరి. బ్లీచింగ్ పౌడరు చల్లిన గోడకు యాసిడ్ తగిలితే క్లోరిన్.

కాంట్రాక్టు ఇస్తే బాధ్యత పోదు. మాన్యువల్ స్కావెంజర్ల నియామక నిషేధ చట్టం, 2013, సెక్షన్ 7 ప్రకారం మురుగు కాలువలనూ సెప్టిక్ ట్యాంకులనూ ప్రమాదకరంగా శుభ్రం చేయడానికి ఎవర్నీ నేరుగా గానీ పరోక్షంగా గానీ పెట్టకూడదు. మొదటిసారికి 2 ఏళ్ళ వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే 5 ఏళ్ళు, 5 లక్షల వరకు. మురుగు కాలువ పనిలో చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. 2025 జనవరి 29న బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో మనుషులతో మురుగు కాలువల శుభ్రతను నిషేధించింది. కాబట్టి అపార్ట్‌మెంట్ కమిటీ మొదట అడగాల్సింది "ఎవరు దిగుతారు" అని కాదు, "దిగకుండా ఎలా" అని. సక్షన్ ట్యాంకరు, పైనుంచి జెట్టింగు (నీళ్ళు జోరుగా కొట్టి కడగడం), మడ్డి పంపు చాలావరకు పని తేలుస్తాయి. ట్యాంకు ఖాళీ చేయించే యంత్రాలకు జాతీయ హెల్ప్‌లైన్ 14420.

ఒకవేళ లోపల మనిషి పడిపోతే వెంట దూకొద్దు. ఇలాంటి చోట్ల చనిపోయేవాళ్ళలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళేనని పనిచోట భద్రతపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ 1986లోనే రాసింది. వించ్ ఉంటే పైనుంచే తిప్పండి, బ్లోయరు తోలుతూనే ఉండండి. 112కు గానీ 101కి గానీ ఫోన్ చేసి "ట్యాంకులో గ్యాసుకు మనిషి పడిపోయాడు" అని ఆ మాటలతోనే చెప్పండి, గాలి సిలిండర్లు తేవాలని వాళ్ళకు అప్పుడే తెలుస్తుంది. బయటికి తీశాక ఊపిరి లేకపోతే ఛాతీ మీద గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నోటితో ఊదొద్దు, ఆ గ్యాసు మీకూ తగలొచ్చు.