వీఐపీ పాస్ గారికి, బారికేడ్ అవతలి నుంచి

మహారాజశ్రీ వీఐపీ పాస్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు క్షేమంగానే ఉంటారని నా నమ్మకం. మా పెదనాన్న మోకాళ్ళ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

నిన్న వైజాగ్ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు ఎంత బాగా జరిగాయో తమరికి నేను చెప్పేదేముంది? ముందు వరసలో ఉన్నది తమరే కదా. మేం నిలబడ్డ చోటు నుంచి కనిపించినవి చెబుతాను, వినండి. ఒక టోపీ, పైకెత్తిన సెల్‌ఫోన్లు, ఎవరి భుజాల మీదో కూచున్న పిల్లాడి నీలం స్వెట్టర్. యుద్ధనౌకలు కూడా వచ్చాయట. ఎల్‌ఈడీ తెర మీద చూశాం. అదే చూడాలనుకుంటే ఇంట్లో టీవీ ఉంది, పక్కనే పకోడీలు కూడా ఉండేవి.

మేమూ తమరి బంధువర్గమేనండీ. మా తోడల్లుడు ఎవరినో పట్టుకుంటే, వాళ్ళు ఇంకెవరినో పట్టుకుంటే, చివరికి గులాబీ రంగు పాస్ ఒకటి మా ఇంటికి దయచేసింది. దాన్ని మా ఆవిడ దేవుడి దగ్గర పెట్టింది కూడా. తీరా కాళీమాత గుడి దగ్గరికి వెళ్తే, ‘గులాబీ కాదు సార్, ఇది లేత ఎరుపు, కోస్టల్ బ్యాటరీ వైపు వెళ్ళండి’ అన్నారు. అటు వెళ్తే, ‘ఒక పాస్‌కి ఒకరే’ అన్నారు. డెబ్బై దాటిన మనిషి, చెయ్యి పట్టుకుని నడిపించాలి బాబూ అని బతిమాలుతుండగానే గేటు మూసేశారు. ఎందుకయ్యా అంటే, ‘పెద్దలొస్తున్నారు’ అన్నారు.

“మరి నేనేటి, చిన్నోణ్ణా?” అన్నాడు మా పెదనాన్న.

నీళ్ళ సీసా బయటే పారేయించిన వారికీ, సాయంత్రమంతా ‘వైజాగ్, మీ ఎనర్జీ ఏదీ?’ అని గోల పెట్టిన యాంకరమ్మకీ, పాండురంగాపురం డౌన్‌లో ట్రాఫిక్‌ని ముడివేసి వదిలేసిన వారికీ ఇందుమూలంగా క్షమాభిక్ష. అవన్నీ మామూలే. తెలివైనవాళ్ళు రిహార్సల్ రోజే వచ్చి చూసేసి, అసలు రోజు ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూచుంటారు. అదీ తెలుసు. కానీ బారికేడ్ల సందులోంచి తమరి ఆవరణ కనిపించింది చూశారూ, దాన్ని మాత్రం మింగలేకపోతున్నాను.

తెల్లగుడ్డ తొడిగిన సోఫాలు. ఒక్కో సోఫా ముందు చిన్న బల్ల, బల్ల మీద మూత తీయని నీళ్ళ సీసాలు, జీడిపప్పు ప్లేట్లు. నేవీవాళ్ళ మార్కోస్ కమాండోలు పారాచూట్లతో దిగేసరికి కూడా ఆ సోఫాల్లో సగం ఖాళీ. పాసులైతే అందరికీ అందాయి, మనుషులే రాలేదు. వచ్చినవారిలో ఒకాయన సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటున్నాడు. మా పెదనాన్నేమో మునివేళ్ళ మీద లేచి, నా భుజం పట్టుకుని, సముద్రం కోసం వెతుకుతున్నాడు. వైజాగ్‌లో సముద్రం కోసం వెతకడం!

ఇంతకీ ఆ పండగ ఎవరి జ్ఞాపకానికండీ? డిసెంబరు 4 అంటే 1971 పాకిస్తాన్ యుద్ధంలో కరాచీ రేవు మీద మన క్షిపణి పడవలు చేసిన దాడి అని స్టేజీ మీద చెప్పారు, నిజమే. కానీ అదే రోజు, తెల్లవారకముందే, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మా గడప ముందర. అమెరికా నుంచి అద్దెకు తెచ్చుకున్న ఆ ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌నేమో అండమాన్ వైపు దాచేసి, అది వైజాగ్‌లోనే ఉందని నమ్మించడానికి అప్పటి తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ వేయని ఎత్తు లేదు. దొంగ వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఊళ్ళో మాంసం, కూరగాయలు అంత పెద్ద ఓడకి సరిపడా ఆర్డరిచ్చి, ఆ కబురు గూఢచారుల చెవిన పడేలా చేశారు. అంటే తెలిసో తెలియకో మా ఊరి బెండకాయలు కూడా యుద్ధం చేశాయి. ఆ ఘాజీ ఎలా మునిగిందన్నది నేటికీ తగువే. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీల (నీళ్ళ అడుగున పేలే బాంబుల) వల్ల అని మనవాళ్ళంటారు, కాదు ప్రమాదం అని పాకిస్తాన్ వాళ్ళంటారు. తొంభై మందికి పైగా అందులోనే పోయారు. నీళ్ళ మీద తేలిన దాని ఆనవాళ్ళు ముందుగా పట్టుకొచ్చింది జాలర్లు.

జాలర్లు! వాళ్ళకి ఏ రంగు పాస్ ఇచ్చావు? చెప్పు. గులాబీయా, లేత ఎరుపా? విన్యాసాలు జరిగే వేళకి ఆ పక్కకి వలలు వేయకండర్రా అని చెప్పి పంపించారు, అంతే కదా వాళ్ళకి దక్కిన మర్యాద.

ఇంకెక్కడి తమరు, నువ్వే. నువ్వు ఆ రాత్రి ఎక్కడున్నావు? మా పెదనాన్న వన్‌టౌన్‌లో ఉన్నాడు. నూనూగు మీసాల వయసు. వెలుతురు బయటికి పోకుండా కిటికీ రెక్కలకి నల్ల కాగితాలు అంటించిన చేతులు అవి. సగం నల్లరంగు పూసిన హెడ్‌లైట్లతో లారీలు పాకుతూ పోతుంటే లెక్కపెట్టిన కళ్ళు అవి. అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆ చప్పుడుకి అటక మీది ఇత్తడి గిన్నెలు గలగలమన్నాయనీ, ఆ మోతకి లేచిన మా నాయనమ్మ ఇంకో మూల దాక్కోమని పిల్లల్ని గోడకి నెట్టిందనీ ఎప్పుడూ చెప్తాడు. ఏం పేలిందో చాలా రోజుల దాకా ఎవరికీ తెలియలేదట. అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెంతమంది మిగిలారు? ఒక్క వరస సోఫాలు చాలవూ వాళ్ళకి? జీడిపప్పు వద్దులే, పళ్ళు లేవు.

ఇక 1942 ఏప్రిల్ 6 సంగతి ఎత్తితే నీకు ఆ తేదీ కూడా గుర్తుండదు. జపాన్ విమానాలు వచ్చి వైజాగ్ మీద, అదే రోజు కాకినాడ మీద బాంబులేసి పోయిన రోజు. జనం ఊరు ఖాళీ చేసి, మూటలు నెత్తిన పెట్టుకుని, అందిన దారిన పల్లెలకి పోయారు. ఆ రోజుకి స్టేజీ లేదు, యాంకరమ్మ లేదు, నువ్వూ లేవు. బీచ్‌రోడ్డు మ్యూజియంలో ఒక బాంబు తొడుగు ఉంది, చూసేవాడు చూస్తాడు. ఏప్రిల్ ఎండలో ఎవరొస్తారనేమో. నిజానికి నువ్వు లేకపోవడమే ఆ తేదీ చేసుకున్న పుణ్యం.

కోపంలో ఒక మాట దాచడం న్యాయం కాదు. చీకటి పడ్డాక ఓడలన్నీ ఒక్కసారిగా దీపాలు పెట్టుకున్నాయి. అప్పుడు మాత్రం బారికేడ్ ఇవతల జనం వేసిన కేకకి నీ సోఫాల వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. పక్కనున్న కుర్రాడెవరో, “తాతా, ఇలా రండి” అని పెదనాన్నని డివైడర్ మీదికెక్కించి నడుం పట్టుకున్నాడు. పెదనాన్న కాసేపు చూసి, “అప్పుడు అగ్గిపుల్ల గీస్తే తిట్టేవారురా” అన్నాడు. ఆ కుర్రాడు, “ఎప్పుడు తాతా?” అన్నాడు. అంతే, మొదలెట్టాడు. తెర మీద హెలికాప్టర్లు తిరుగుతుంటే చుట్టుపక్కల ఏడెనిమిది మంది వాటిని వదిలేసి ఈయన చెప్పేది విన్నారు. మొత్తం సాయంత్రంలో యుద్ధం గురించి ఎవరైనా ఏమైనా తెలుసుకున్నారంటే ఆ డివైడర్ దగ్గరే.

అందుకని వచ్చే ఏడాది నువ్వు మా ఇంటికి రానక్కర్లేదు. ఖాళీగా ఉండే ఆ సోఫాలు రోడ్డు మీదికి తెచ్చి, డెబ్బై దాటిన ముఖం చూసి కూచోబెట్టమను. ముఖానికి క్యూఆర్ కోడ్ అక్కర్లేదు.

ఇట్లు,
లేత ఎరుపు రంగువాడు

తా.క.: తిరిగొస్తుంటే వైఎంసీఏ దగ్గర మురీ మిక్చర్ తిన్నాం. చెంచా కింద అట్టముక్క ఇస్తారు కదా, నా చేతికొచ్చినది కాస్త మెరుస్తోంది. తిప్పి చూస్తే బంగారు రంగులో ‘వీఐ’ అని ఉంది. మిగతా ‘పీ’ పెదనాన్న చేతిలో ఉంది. గట్టి అట్ట, మధ్యలో వంగలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.