కుర్చీ పరపతి

తెలుగులో పరపతి అనే మాటకు రెండు కాపురాలున్నాయి. సహకార పరపతి సంఘం అన్నచోట అది అప్పు. ఆయనకు ఊళ్లో మంచి పరపతి ఉందన్నచోట పలుకుబడి. బ్యాంకు మేనేజరు కుర్చీలో ఈ రెండూ కలిసే కూర్చుంటాయి. శ్రీకాకుళం లాంటి జిల్లాలో ఆ కుర్చీ ఎత్తు ఇంకాస్త ఎక్కువ. ఇక్కడ చాలా ఇళ్లకు డబ్బు దూరం నుంచి వస్తుంది. చెన్నై, హైదరాబాద్‌లలో భవనాల పనికి పోయినవాళ్లు పంపుతారు, గుజరాత్‌లోని వేరావల్‌లో పడవలెక్కినవాళ్లు పంపుతారు. సంపాదించినవాడు అక్కడ, దాచే బాధ్యత ఇక్కడున్న తల్లిదో భార్యదో. ఎక్కడ దాచాలో అడగాలంటే వాళ్లకు తెలిసిన చదువరులు ఇద్దరే: బడి పంతులు, బ్యాంకు మేనేజరు.

గత నెల మా పత్రిక కార్యాలయానికి వచ్చినది ఆ ఇద్దరిలో మొదటివారు. విశ్రాంత ఉపాధ్యాయుడు. చేతిలో చొక్కాల అట్టపెట్టె, అందులో ప్లాస్టిక్ కవరు, కవరులో నాలుగు బాండ్లు. పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని తన పెన్షన్ పడే శాఖకే వెళ్లారు. మేనేజరు లేచి నిలబడి కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. "మాస్టారూ, మా దగ్గర ఏడు శాతం కూడా రాదు, మీకెందుకు చెప్పండి" అంటూ బల్ల సొరుగులోంచి ఒక దరఖాస్తు తీసి ముందు పెట్టారు. నూటికి మూడు రూపాయల వడ్డీ, నెల నెలా. సొరుగు బ్యాంకుది. కుర్చీ బ్యాంకుది. టీ కూడా బహుశా బ్యాంకు ఖర్చే. బాండు మాత్రం బ్యాంకుది కాదు, వేరే కంపెనీది. పద్నాలుగు నెలలు వడ్డీ వచ్చింది, పదిహేనో నెల నుంచి ఫోను మోగుతూనే ఉంది.

ఫిర్యాదు పోలీసుల దగ్గర ఉంది కాబట్టి సంస్థ పేరు గానీ, బ్యాంకు పేరు గానీ మేము రాయడం లేదు. మా దృష్టిని పట్టి నిలిపినది వేరొకటి. ఆ ఫిర్యాదులో కంపెనీ డైరెక్టరు పేరుంది, ఇద్దరు ఏజెంట్ల పేర్లున్నాయి, మేనేజరు పేరు లేదు. ఎందుకని అడిగితే మాస్టారు కాసేపు మాట్లాడలేదు. "ఆయన కూడా మోసపోయాడేమోనండీ" అన్నారు.

అయి ఉండవచ్చు. ఆ సంగతి దర్యాప్తులో తేలాలి. కానీ దర్యాప్తు ఆయన గుమ్మం దాకా వెళ్లాలి కదా. ఈ ప్రాంతంలో డిపాజిట్ల మోసం బయటపడిన ప్రతిసారీ వెతుకులాట పైన యజమానుల దగ్గర, కింద ఏజెంట్ల దగ్గర ఆగిపోతోంది. అగ్రిగోల్డ్ సంగతి ఎవరూ మరచిపోలేదు. 32 లక్షల మంది డిపాజిటర్లు, రూ.6,380 కోట్లకు పైగా సొమ్ము. 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించింది. అంతకు మించి కట్టినవారి బాండ్లు ట్రంకుపెట్టెల్లో రేషన్ కార్డు పక్కన, పట్టాదారు పాసుపుస్తకం కింద ఇంకా ఉన్నాయి. ఆ ఏజెంట్లు ఎవరు? పక్కింటివాళ్లు, మేనల్లుళ్లు, అంగన్‌వాడీ కార్యకర్త భర్తలు. సంస్థ కుప్పకూలగానే జనం వాళ్ల ఇళ్ల మీద పడ్డారు, కొందరు ఊళ్లు విడిచిపోయారు. చేసిన తప్పు కంటే ఎక్కువ శిక్షే అనుభవించారు. పలుకుబడి ఉన్నవారు మాత్రం, అప్పుడైనా ఇప్పుడైనా, సాక్షుల జాబితాలో కూడా కనిపించరు.

బ్యాంకరు జీవితం ఎంత ఎత్తుకు పోయి ఎలా చిక్కుబడగలదో తెలుసుకోవడానికి తెలుగు నేల దాటనక్కర లేదు. రమేశ్ గెల్లి చిన్న వయసులోనే వైశ్యా బ్యాంకు పగ్గాలు పట్టి, పద్మశ్రీ అందుకుని, 1994లో సికింద్రాబాద్ కేంద్రంగా గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు స్థాపించారు. సరళీకరణ తర్వాత వచ్చిన తొలి కొత్త తరం ప్రైవేటు బ్యాంకుల్లో అదొకటి. చల్లని గది, కంప్యూటరు, నవ్వుతూ పలకరించే ఉద్యోగి. పాసుపుస్తకంలో ఎంట్రీ కోసం పూటంతా నిలబడిన తరానికి అది విడ్డూరం. షేర్ల ఇష్యూకు జనం ఎగబడ్డారు. మనవాడు పెట్టిన బ్యాంకు అన్న మాట అప్పట్లో ఎన్ని నోళ్ల విన్నామో.

ఏడేళ్లు తిరిగేసరికి ఆ పేరు స్టాక్ బ్రోకరు కేతన్ పరేఖ్ పేరు పక్కన చేరింది. 2001లో పరేఖ్ కుంభకోణం పేలినప్పుడు, స్టాక్ మార్కెట్ వ్యాపారులకు పరిమితి దాటి అప్పులిచ్చిన బ్యాంకుల్లో గ్లోబల్ ట్రస్ట్ ఉందని తేలింది. యూటీఐ బ్యాంకుతో కుదిరిన విలీనం ఆగిపోయింది. విలీనం ప్రకటనకు ముందు షేరు ధర అనుమానాస్పదంగా పెరగడం మీద స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ విచారణకు దిగింది. గెల్లి పదవి నుంచి తప్పుకున్నారు. ఇచ్చిన అప్పులు మాత్రం తప్పుకోలేదు. 2004 జూలై 24న రిజర్వు బ్యాంకు సిఫారసుపై కేంద్రం మారటోరియం, అంటే చెల్లింపుల మీద తాత్కాలిక నిలుపుదల, విధించింది. ఖాతాలో ఎంత ఉన్నా తీసుకోగలిగింది పది వేలు. మూడు వారాల్లో, ఆగస్టు 14న, ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల సొమ్ము దక్కింది. షేర్లు కొన్నవారికి చిల్లిగవ్వ కూడా రాలేదు.

ఈ కథలో ఎక్కువమందికి తెలియని ఘట్టం ఆ తర్వాతది. ఆ బ్యాంకు రుణాల వ్యవహారంలో సీబీఐ పెట్టిన కేసులో, ప్రైవేటు బ్యాంకు అధిపతికి అవినీతి నిరోధక చట్టం వర్తించదన్న వాదన వచ్చింది. ఆయన ప్రభుత్వ జీతం తీసుకోలేదు కదా అన్నది వారి తర్కం. ముంబయిలోని ప్రత్యేక న్యాయస్థానం ఒప్పుకుంది, హైకోర్టు కూడా ఒప్పుకుంది. 2016 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 46-ఎ సెక్షన్‌ను చూపించి, ప్రైవేటు బ్యాంకు ఛైర్మన్ నుంచి అధికారుల దాకా ఈ చట్టం దృష్టిలో ప్రజా సేవకులేనని తేల్చింది. ఆ తీర్పు నేరం జరిగిందో లేదో చెప్పలేదు, విచారణకు అడ్డు తొలగించింది, అంతే. కానీ మన మాస్టారి బాండ్లకు కావలసిన ఆధారం అందులో ఉంది. తాసీల్దారు కుర్చీని ఏ కళ్లతో చూస్తామో మేనేజరు కుర్చీనీ ఆ కళ్లతోనే చూడమని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. బ్యాంకు ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్న తేడా లేదు.

నూటికి మూడు రూపాయల వడ్డీ ఎలా సాధ్యమైందని అమాయకంగా అడిగేవారికి ఒక చిన్న లెక్క. మీరు లక్ష ఇస్తే, దాన్ని బీరువాలో పెట్టి నెలకు మూడు వేలు తిరిగి ఇస్తూ పోతే 33 నెలలు గడుస్తాయి. ఏ వ్యాపారమూ చేయనక్కర లేదు, కొత్త డిపాజిటరు కూడా అక్కర లేదు. మీ డబ్బే మీకు వడ్డీ. ఈ లెక్క ఆరో తరగతి పిల్లవాడు వేయగలడు. మాస్టారు ముప్పై ఏళ్లు ఇలాంటివి నల్లబల్ల మీద వేసి చూపించారు. మరి ఆయన ఎందుకు వేయలేదు? ఎదుట కూర్చున్నవారు అంతకంటే పెద్ద లెక్కలు వేసే మనిషి కాబట్టి. మోసానికి పెట్టుబడి ఆ గౌరవమే. కంపెనీ అద్దె గది తీసుకోవచ్చు, రంగుల కరపత్రం అచ్చువేయించవచ్చు. ఆ గౌరవాన్ని మాత్రం బ్యాంకరు స్వయంగా తెచ్చి ఇవ్వాలి.

ఇందులో బ్యాంకుల సొంత పాపం కూడా ఉంది. ఒకప్పుడు మేనేజరు పని డిపాజిట్ తీసుకోవడం, అప్పివ్వడం, అప్పు రాబట్టడం. 1976లో శ్రీకాకుళం కేంద్రంగా మొదలైన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు రోజుల్లో సైకిలు మీద ఊరూరా తిరిగి ఖాతాలు తెరిపించిన ఉద్యోగులను ఎరిగినవారు ఇంకా ఉన్నారు. ఇప్పుడు అదే బల్ల మీద బీమా పాలసీ, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు. పైనుంచి రోజూ టార్గెట్, సాయంత్రం వీడియో సమావేశంలో అక్షింతలు. రుణం కోసం వచ్చిన రైతుకు పాలసీ అంటగట్టిన సంఘటనలు ఏ శాఖలో విచారించినా దొరుకుతాయి. సోమవారం అదే కుర్చీలోంచి బ్యాంకుది కాని బీమా కాగితం చట్టబద్ధంగానే వచ్చింది. మంగళవారం వచ్చిన కాగితం చట్టబద్ధమైనది కాదని ఖాతాదారుకు ఎలా తెలియాలి? రెండింటి మీదా మెరిసే బొమ్మే, రెండింటికీ అదే పెన్ను. కమీషన్ రుచి మరిగినవారందరూ దొంగలవుతారని మేము అనడం లేదు. ఎక్కువమంది మేనేజర్లు నిజాయతీగా పనిచేసి, బదిలీల మధ్య పిల్లల చదువులు చెడగొట్టుకుని, మచ్చ లేకుండా దిగిపోతున్నారు. గీత చెరిపినది పై కార్యాలయాలు. గీత దాటినవాడి తప్పు దాని వల్ల తగ్గదు.

ఇక చట్టం. 2019లో పార్లమెంటు అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం చేసింది. ఇలాంటి పథకంలో చేరమని జనాన్ని కోరినవారికి ఏడాది నుంచి ఐదేళ్ల జైలు. వసూలు చేసి మోసపూరితంగా ఎగవేస్తే మూడు నుంచి పదేళ్లు. కోరినవారు అన్న మాటలో సొరుగు తెరిచిన చెయ్యి కూడా వస్తుంది. దర్యాప్తు అధికారులు ఆ సెక్షన్ చదివి మాస్టారి వాంగ్మూలాన్ని మళ్లీ రాసుకోవాలి. ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఒకే శాఖలోని పెన్షనర్ల ఖాతాల నుంచి ఒకే కంపెనీ ఖాతాకు వరసగా లక్షలు పోతుంటే బ్యాంకు కంప్యూటరు ఎందుకు కళ్లు మూసుకుంది? అనుమానాస్పద లావాదేవీలను కేంద్ర ఆర్థిక నిఘా విభాగానికి తెలపాల్సిన బాధ్యత బ్యాంకులకు చట్టం పెట్టింది. ఎవరైనా తెలిపారా? లేకపోతే ఎవరు ఆపారు?

అదే చట్టంలో మా గురించీ ఒక సెక్షన్ ఉంది. ఇలాంటి పథకాల ప్రకటన వేసిన పత్రిక, ప్రభుత్వం ఆదేశిస్తే, దాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు అదే స్థానంలో ఉచితంగా ప్రచురించాలి. పచ్చని తోటలు, ఆకాశంలో మబ్బులు, పక్కన రెట్టింపయ్యే రూపాయి. అలాంటి పూర్తి పేజీ ప్రకటనలు తెలుగు పత్రికల్లో ఏళ్ల తరబడి వచ్చాయి, మా పేజీల్లోనూ వచ్చాయి. డబ్బులు పుచ్చుకుని వేశాం. మేనేజరును వేలెత్తి చూపేటప్పుడు ఇది చెప్పకపోతే ఎబ్బెట్టుగా ఉంటుంది.

మాస్టారు నిన్న మళ్లీ వచ్చారు. అట్టపెట్టె లేదు, బాండ్లు పోలీసులు తీసుకున్నారట. ఫిర్యాదుకు అనుబంధంగా ఇవ్వడానికి ఒక తెల్లకాగితం రాసుకొచ్చి, తప్పులేమైనా ఉన్నాయేమో చూడమన్నారు. గుండ్రని దస్తూరి, ఎక్కడా కొట్టివేత లేదు. తేదీ ఉంది, వేళ ఉంది, సొరుగు ఏ వైపుదో ఉంది, టీ తాగిన సంగతి కూడా ఉంది. ఈసారి మేనేజరు పేరు రాశారు. పేరుకు ముందు శ్రీ, చివర గారు.